చుక్క ఎరుపా, నీలమా?

ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్ని. ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన మేనేజరుకు కూడా పిన్నే. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన పేరు పెట్టి పిలిచి చూశాడు. ఆ పేరుకు పలకడం ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది కాబట్టి, మూడుసార్లు గొంతు చించుకుని, నాలుగోసారి "పిన్నిగారూ" అన్నాడు. "ఏం బాబూ" అని ఆవిడ వెంటనే తల తిప్పింది. ఆ ఆఫీసులో ఎవరు పెద్దో అంతటితో తేలిపోయింది.

వాషింగ్ మిషన్ల కంపెనీ అది. మిషన్లు అమ్మడం కింది అంతస్తులో, అమ్మినందుకు తిట్లు తినడం పై అంతస్తులో. పై అంతస్తులో కిటికీ పక్క కుర్చీ పిన్నిది. దాని ఎడమ చెయ్యి ఊడిపోతే తనే తాడుతో కట్టుకుంది. కొత్త కుర్చీ ఇస్తామని రెండుసార్లు వచ్చినవాళ్ళను రెండుసార్లూ తిప్పి పంపింది. మొదటి పదకొండేళ్ళు ఫోనులో, తరవాతి పదకొండేళ్ళు కంప్యూటరు ముందు చాట్‌లో, ఆ కుర్చీలోనే కూర్చుని, "మా మిషను తిరగడం లేదు" అన్న ఊరందరికీ ఆవిడే జవాబు చెప్పింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. పిన్నికి మిషన్ల గురించి ఏమీ తెలియదు. మూత తీయడం, మూత వేయడం వరకే ఆవిడ చదువు. ఆవిడకు తెలిసిందల్లా మిషను ముందు నిలబడ్డ మనుషుల సంగతి. లోపల గరగరమని చప్పుడు వస్తోందని ఎవరైనా రాస్తే, ఏ చక్రం అరిగిందో అడిగేది కాదు, "బట్టలు వేసేముందు జేబులు చూసుకోని మనిషి మీ ఇంట్లో ఎవరు?" అని అడిగేది. నిన్నటిదాకా బాగానే ఉందంటే, "ఇవాళ కొత్తగా ఎవరు చెయ్యి పెట్టారు?" అనేది. పదింట తొమ్మిదిసార్లు అది మొగుడే. అవతలివాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి, జేబులోంచి జారిపడ్డ తాళంచెవి తీసుకుని వచ్చేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద జబ్బు కుళాయి. మిషనుకు నీళ్ళిచ్చే కుళాయి వెనక గోడకు ఉంటుంది. నీళ్ళు కారతాయేమోనని ఇంట్లో ఒకరు దాన్ని కట్టేస్తారు, ఆ సంగతి తెలియక ఇంకొకరు మిషను నొక్కుతారు. రోజుకు వంద ఫిర్యాదులొస్తే అందులో నలభై ఇవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిన్ని అమాయకంగా, "కుళాయి తెరిచే ఉందాండీ?" అని ఒక పెద్దమనిషిని ఫోనులో అడిగింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "నేను ఇంజనీరుని. కుళాయి తిప్పడం నాకు నువ్వు నేర్పాలా?" అని అరిచి, అంతటితో ఆగక పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. మెకానిక్ వెళ్ళి చూస్తే కుళాయి బిగించి కట్టేసి ఉంది. మెమో మాత్రం పిన్నికి వచ్చింది.

ఆ మెమో చదువుకుని, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, పిన్ని చుక్కను పుట్టించింది.

"మిషను వెనక కుళాయి ఉంది కదండీ, దాని మెడ కింద చిన్న చుక్క ఉంటుంది. అది ఎరుపా, నీలమా చూసి చెబుతారా? పిడిని ఎడమ వైపు చివరిదాకా తిప్పితేనే కనిపిస్తుంది."

పిడిని ఎడమకు చివరిదాకా తిప్పితే కుళాయి తెరుచుకుంటుంది. కిటుకంతా అదే. చుక్కా లేదు, రంగూ లేదు. ఇంజనీర్లు, లాయర్లు, ఇంటి పెద్దలు, ఎవరికి వాళ్ళు దర్జాగా లోపలికి వెళ్ళి, పిడి తిప్పి, వంగి చూసి, "నీలం" అంటూ తిరిగొచ్చేవాళ్ళు. కొందరు ఎరుపు అనేవాళ్ళు. ఒకాయన, "ఆకుపచ్చలా ఉందండీ, కాకపోతే పొద్దుట్నించీ నా కళ్ళజోడు కనబడ్డం లేదు" అన్నాడు. చుక్కే లేదండీ అన్న నిజాయితీపరులకు, "లేకపోతే మరీ మంచిది" అని చెప్పేది. ఈలోగా మిషను తిరగడం మొదలుపెట్టేది. తప్పు ఎవరి నెత్తినా పడకుండా పోయేది.

ఈ రహస్యం ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో మనిషికి కూడా. ఆ ఇంట్లో మనిషిని పిన్ని వరసలో ఆఫీసువాళ్ళంతా బాబాయి అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. బాబాయి ఒకప్పుడు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఆయన చేతిలో తీగలు లాక్కుని ఆ చోట యంత్రం పెట్టి ముప్ఫై ఏళ్ళయింది. ఆ తరవాత ఆయన ఒక లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు గానీ, మనసింకా ఆ తీగల దగ్గరే ఉంది. "ఆ యంత్రానికి హలో అనడం కూడా రాదు. దానికి దగ్గరుండి పని నేర్పింది నేనే" అని భోజనానికి కూర్చున్నప్పుడల్లా అంటాడు. అలాంటి బాబాయికి పెళ్ళాం ఉద్యోగంలో నచ్చిన విషయం ఒక్కటే, చుక్క. మెట్ల దగ్గర నిలబడి, "ఎరుపైతే కాస్త చూసుకోవాలి. నీలమైతే భయం లేదు" అని ఇరుగుపొరుగులకు వివరించేవాడు. అప్పుడు పిన్నికి హఠాత్తుగా పొయ్యి మీద ఏదో గుర్తొచ్చేది.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున్నే పెద్దాఫీసు నుంచి ఒక అమ్మాయి దిగింది. భుజాన సంచి, సంచిలో కంప్యూటరు, కంప్యూటరులో బాట్. అంటే మనిషి అక్కర్లేకుండా మనిషిలాగే చాట్‌లో జవాబులు రాసే ప్రోగ్రాము. మధ్యాహ్నం అయ్యేసరికి ఆఫీసు ఆ అమ్మాయికి బాటమ్మాయి అని పేరు పెట్టేసింది.

మేనేజరు పిన్నిని తన గదిలోకి పిలిచి చాలాసేపు నీళ్ళు నమిలాడు. ఆయన నమలగా మిగిలిన మాటల్లోంచి పిన్ని ఏరుకున్న సంగతి ఇది. పదకొండేళ్ళుగా పిన్ని రాసిన చాట్‌లన్నీ ఆ బాట్ చేత చదివిస్తారు. చదివాక నెల రోజులు పిన్నికి బదులు దాన్ని కూర్చోబెడతారు. ఫిర్యాదులు పెరగకుండా అది నెట్టుకొస్తే పిన్ని కుర్చీ తీసేస్తారు. పెరిగితే దాన్ని వెనక్కి పంపేస్తారు, ఇక పిన్ని జోలికి ఎవరూ రారు.

"రిటైరవడానికి నాకింకా నాలుగేళ్ళుంది బాబూ" అంది పిన్ని.

"తెలుసు పిన్నిగారూ."

"ఈ నాలుగేళ్ళూ ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? మీ బాబాయి టెలిఫోను కథ వినాలా?"

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. పిన్ని నవ్వు ముఖంతోనే గది దాటింది. కుర్చీలో కూర్చుని, తాడు కట్టిన దాని చేతిని ఊరికే నిమురుతూ ఉండిపోయింది. ఊళ్ళో సగంమంది కష్టం చెప్పుకున్న మనిషి ఆవిడ. రేపట్నుంచి తనను ఎవరూ ఏమీ అడగరన్న ఆలోచనే ఆవిడకు భరించరానిదిగా తోచింది.

ఆ సాయంత్రం బాబాయి కథ మొత్తం విని, కంచం పక్కకు నెట్టాడు.

"నా మాట విను. ఏమీ నేర్పకు. నేను ఆరోజు పెద్దమనిషిలా అన్నీ నేర్పొచ్చాను, ఏమైంది? శాలువా కప్పి ఇంటికి పంపారు."

"నేర్పేదేముందండీ, అంతా ఆ చాట్‌లలోనే ఉంది. అదే చదువుకుంటుందట."

"చదువుకోనీ. అడిగితే మాత్రం నోరు విప్పకు. ముఖ్యంగా ఆ చుక్క సంగతి. ఇరవై రెండేళ్ళ విద్య అది."

పిన్ని నీళ్ళ గ్లాసు ఎత్తి తాగుతూ ఊఁ కొట్టింది.

బాట్ వారం రోజులు చదివింది. పదకొండేళ్ళ ముచ్చట్లు వారంలో మింగేసిందని తెలిసి పిన్నికి కొంచెం కష్టమేసింది. కనీసం ఒక నెల పడుతుందనుకుంది ఆవిడ. తరవాతి సోమవారం దాన్ని పనిలో పెట్టారు. ఆఫీసు దానికి చిన్నపిన్ని అని పేరు పెట్టింది. అసలు పిన్నికి ఇప్పుడు పనల్లా పక్కన కూర్చుని, అది ఎక్కడ పప్పులో కాలేస్తుందో చూసి చెప్పడం.

మొదటి రెండు గంటలు చిన్నపిన్ని చిలకలా మాట్లాడింది. జేబులు ఎవరు చూసుకోరని అడిగింది, కొత్తగా ఎవరు చెయ్యి పెట్టారంది. "మీరు మనిషా, బాటా?" అని ఒకావిడ నిలదీస్తే, "ఎవరైతే ఏముందండీ, మీ బట్టలు తడవడం ముఖ్యం కదా" అంది. అది పిన్ని మాటే. జవాబులు మరీ త్వరగా వస్తున్నాయని ఇంతకుముందు పిన్నిని కూడా జనం అలాగే అనుమానించేవాళ్ళు. బాటమ్మాయి ముఖం వెలిగిపోయింది. సరిగ్గా పదకొండు గంటలకు చిన్నపిన్ని, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని అందరికీ ఒకేసారి రాసి, మాయమైపోయింది.

బాటమ్మాయి కంగారుపడి వైర్లు పీకి పెట్టింది, కంప్యూటరు ఆపి తెరిచింది, పెద్దాఫీసుకు ఫోను చేసింది. పదకొండూ పదమూడు నిమిషాలకు చిన్నపిన్ని తనంతట తనే తిరిగొచ్చి, "ఆఁ, చెప్పండి, ఏమంటోంది మీ మిషను?" అంది. నాలుగు గంటలకు మళ్ళీ అదే వరస.

మర్నాడు బాటమ్మాయి పెద్ద తెర మీద ఒక గీతల బొమ్మ వేసి, ఆఫీసంతటికీ చూపించింది.

"పదకొండేళ్ళ చాట్‌లు వెతికానండీ. పదకొండు నుంచి పదమూడు నిమిషాలు, నాలుగు నుంచి పదమూడు నిమిషాలు, ఏ రోజూ ఒక్క జవాబు కూడా లేదు. అలా మాయమవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే అనుకుంది ఇది."

మేనేజరు మెల్లిగా పిన్ని వైపు తిరిగాడు. "ఫైలు చూసొస్తానని లేచేవారు కదా పిన్నిగారూ?"

"ఫైలు దారిలోనే టీ కొట్టు ఉంది బాబూ" అంది పిన్ని. ఆఫీసంతా గొల్లుమంది. ఆవిడ ముఖం కందగడ్డలా అయింది. దీని దుంప తెగ, టీ సంగతి కూడా పట్టేసిందే అని లోలోపల తిట్టుకుంది. తిడుతూనే, తన అలవాటును అంత జాగ్రత్తగా చూసిన ప్రాణి ఇంకొకటి ఈ లోకంలో లేదు కదా అని కూడా అనుకుంది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అసలు దెబ్బ మూడో రోజు తగిలింది. కుళాయి కట్టేసుకున్న ఒకాయన రాగానే చిన్నపిన్ని, "దాని మెడ కింద చిన్న చుక్క ఉంటుంది. అది ఎరుపా, నీలమా చూసి చెబుతారా? పిడిని ఎడమ వైపు చివరిదాకా తిప్పితేనే కనిపిస్తుంది" అంది. ఆయన వెళ్ళాడు, వచ్చాడు, నీలమన్నాడు, మిషను తిరిగింది. పక్కన కూర్చున్న పిన్ని అంతా చూసింది. ఇక తనకు మిగిలిందేమీ లేదని ఆవిడకు అర్థమైపోయింది.

కానీ బాటమ్మాయి బుద్ధిమంతురాలు. ఏదీ చూడకుండా వదలదు. కంపెనీ చేసిన ఇరవై ఆరు రకాల మిషన్ల పుస్తకాలు ముందేసుకుని, రెండు రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని వెతికింది. చుక్క ఎక్కడా లేదు.

"పిన్నిగారూ, బాట్‌లు అప్పుడప్పుడు లేనివి ఉన్నట్టు చెబుతాయండీ. ఇదీ అలాంటిదే అనుకున్నా. తీరా చూస్తే మీ చాట్‌లలోనే లక్షకు పైగా చోట్ల ఉంది. ఏమిటండీ ఈ చుక్క?"

పిన్ని నోరు తెరిచింది. బాబాయి కంచం నెట్టిన చప్పుడు ఆవిడ చెవిలో వినిపించింది.

"పాత మిషన్లకు ఉండేదేమోనమ్మా" అంది.

బాటమ్మాయి ఆ మాట నమ్మి, చుక్కను తీసేసింది. దాని చోట, "మీ కుళాయి మూసి ఉండవచ్చు. దయచేసి తెరవండి" అని పెట్టింది. చక్కని మాట, మర్యాదైన మాట, నూటికి నూరుపాళ్ళూ నిజమైన మాట. ఆ మాట చదివిన ప్రతి మనిషీ కూర్చున్న చోటినుంచి లేవకుండానే, "తెరిచే ఉంది" అని జవాబు రాశాడు.

ఇక చూడండి. తెరిచే ఉందని అన్నాక మెకానిక్‌ను పంపక తప్పదు. ఆ మెకానిక్‌ను ఆఫీసులో స్పానరు అంటారు. ఆరడుగుల మనిషి, మెట్లెక్కితే మెట్లకే ఆయాసం వస్తుంది. స్పానరుకు వారంలో తల ప్రాణం తోకకొచ్చింది.

"రోజుకు తొమ్మిది ఇళ్ళు పిన్నీ. ఏడిళ్ళలో కుళాయి తిప్పి వస్తున్నా. తిప్పినందుకు థాంక్స్ లేదు సరికదా, నేనే వచ్చి కట్టేసినట్టు చూస్తున్నారు. ఒకావిడైతే, నువ్వు రాకముందు తెరిచే ఉంది అంది."

ఫిర్యాదులు పెరిగాయి. గోడమీది బోర్డు మీద మేనేజరు రోజూ అంకె రాసేవాడు, రాసి పిన్ని వైపు చూసి మీసంలో నవ్వుకునేవాడు. "ఇంకొక్క తొమ్మిది రోజులు గడిస్తే గట్టెక్కినట్టే పిన్నిగారూ" అన్నాడొకసారి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని. పిన్నికి చాలా సంతోషంగా ఉంది. దాచడం ఎందుకు, ఇన్నాళ్ళలో అంత సంతోషంగా ఆవిడ ఎప్పుడూ లేదు. ఇంటికెళ్ళి బాబాయికి చెబితే, ముప్ఫై ఏళ్ళ పగ తీరినట్టు ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. బాటమ్మాయి మాత్రం నీరసంగా, జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోకుండా, తెర ముందు కూర్చుని ఉండేది. అటు చూడకుండా ఉండడానికి పిన్ని కుర్చీని కొంచెం కిటికీ వైపు తిప్పుకుంది.

మంగళవారం పదకొండు గంటలకు పిన్ని టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా స్పానరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నిన్న లెక్కల మాస్టారింటికి వెళ్ళాను పిన్నీ."

లెక్కల మాస్టారు పిన్నికి తెలుసు. ముఖం చూసింది లేదు, అయినా తెలుసు. రిటైరై కొడుకు దగ్గర ఉంటాడు. తన బట్టలు తనే ఉతుక్కోవాలన్న పట్టుదల. కోడలు వాడాక కుళాయి కట్టేస్తుంది. ఆరేళ్ళుగా ప్రతి సోమవారం పది గంటలకు, మిషను తిరగడం లేదమ్మా అని రాసేవాడు. చుక్క చూడమంటే చూసి, "నీలమేనమ్మా, ధన్యవాదాలు" అని రాసేవాడు.

"ఏమైంది?" అంది పిన్ని.

"ఏముంది, కుళాయే. కుళాయి తెరవమని రాసిందట మన చిన్నపిన్ని. తెరిచే ఉందన్నాడట పెద్దాయన. నేనెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తున్నారు. అందరి ముందూ తిప్పాను. తాతయ్యకు కుళాయి కూడా తెలీదని మనవలు ఒకటే నవ్వు. కోడలూ నవ్వింది. పాపం, ఆయన కూడా నవ్వాడు." స్పానరు టీ గ్లాసులోకి చూశాడు. "మెట్లదాకా నా వెనకే వచ్చి, చిన్నగా అడిగాడు పిన్నీ. ఆ చుక్కలావిడ ఉద్యోగం మానేసిందా అని. ఇక మిషను జోలికి పోడట. బకెట్లో ఉతుక్కుంటాడట."

పిన్ని చేతిలో టీ అలాగే ఉండిపోయింది. మూడు వందల సోమవారాలు లేని చుక్కను వంగి చూసి నీలమని రాసిన మనిషి లెక్కల మాస్టారు. ఆయనకు నిజం తెలియదా? తెలిసే రాసేవాడా? ఇన్నేళ్ళలో ఆవిడకు ఆ అనుమానమే రాలేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చాక, బాత్రూములో ఏడ్చి ముఖం కడుక్కున్న ఆ రోజు కూడా గుర్తొచ్చింది. చుక్కను పుట్టించింది తన కుర్చీ కాపాడుకోవడానికి కాదు, ఎవరి పరువూ పోకుండా చూడ్డానికి. ఇప్పుడు తన కుర్చీ కోసం ఒక పెద్దాయన పరువు మనవల ముందు తీసేసింది. పిన్నికి తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్లాసు పక్కన పెట్టి, పదమూడు నిమిషాలు కాకముందే పైకి వచ్చింది. ఆవిడ అంత త్వరగా రావడం ఆఫీసు ఎప్పుడూ చూడలేదు. తిన్నగా వెళ్ళి బాటమ్మాయి పక్కన నిలబడింది.

"ఆ చుక్క లేదమ్మా" అంది.

"తెలుసండీ, అందుకే కదా తీసేశాం."

"ఎప్పుడూ లేదు. లేదు కాబట్టే పని చేస్తుంది. ఇలా కూర్చో, చెబుతాను."

చెప్పింది. ఇంజనీరు కోపం, మెమో, ఎడమ వైపు తిప్పే పిడి, నీలం, ఎరుపు, కళ్ళజోడు పోయినాయన, లెక్కల మాస్టారు, అన్నీ. బాటమ్మాయి వింటూ వింటూ ముందు నోరెళ్ళబెట్టింది, తరవాత పడీపడీ నవ్వింది, నవ్వుతూ ఉన్నదల్లా ఆగిపోయింది.

"పిన్నిగారూ, ఇంకో ఎనిమిది రోజులు మీరు ఈ మాట చెప్పకుండా ఉంటే..."

"తెలుసమ్మా."

"మరి ఎందుకు చెప్పారు?"

"సోమవారం వస్తోంది కదా" అంది పిన్ని. "ముందు ఆ లెక్కల మాస్టారికి ఒక చాట్ పంపించు. చుక్క రంగు మారిందేమో ఒకసారి చూడమని కంపెనీవాళ్ళే అడుగుతున్నట్టు రాయి."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, చుక్కను మళ్ళీ పెట్టింది. కాసేపటికి, "మరి ఆ పదమూడు నిమిషాలు తీసెయ్యనా?" అని అడిగింది.

"అయ్యో, అవి తీస్తే ఎలా? నేను టీ తాగి వచ్చేసరికి సగంమంది మిషన్లు వాటంతటవే బాగుపడేవి. కాస్త తీరిక దొరికితే మనుషులు వాళ్ళ తప్పు వాళ్ళే వెతుక్కుంటారమ్మా."

రెండు రోజుల్లో బోర్డు మీద అంకె కిందికి దిగింది. ఎనిమిది రోజుల్లో ఇంకా దిగింది. మేనేజరు చివరి అంకె రాసి, సుద్దముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే గోడ వైపే నిలబడ్డాడు. పెద్దాఫీసు మెచ్చుకుంటూ బాటమ్మాయికి ఉత్తరం రాసింది, పిన్నికీ ఒక ఉత్తరం రాసింది. మొదటి ఉత్తరంలో అభినందనలు ఉన్నాయి, రెండో ఉత్తరంలో ధన్యవాదాలు ఉన్నాయి.

చివరి రోజున శాలువా వద్దని పిన్ని ముందే చెప్పింది. ఇంట్లో ఒకటుంది, దానితోనే వేగలేకపోతున్నానంది. చిన్నపిన్ని చేత కూడా ఒక వీడ్కోలు మాట రాయిద్దామని బాటమ్మాయి సరదాపడింది. అందరూ తెర ముందు మూగారు. చిన్నపిన్ని రాసింది: "వెళ్ళేముందు జేబులు చూసుకోండి." నవ్వలేక పిన్నికి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తాడు కట్టిన కుర్చీని స్పానరు భుజాన వేసుకుని ఇంటిదాకా మోసుకొచ్చి, కిటికీ పక్కన పెట్టి వెళ్ళాడు. బాబాయి ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "నేర్పేశావన్నమాట" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కందుకే పిన్ని వారం రోజులు ఆయన టెలిఫోను కథ ఓపిగ్గా వింది.

రెండు నెలలు గడిచాయి. పిన్ని ఇంట్లో తుడవాల్సినవన్నీ తుడిచేసింది, అక్కర్లేనివీ తుడిచింది. పక్కింటివాళ్ళ మిషను చప్పుడు వినిపిస్తే చెవులు రిక్కించేది. ఎవరూ ఏమీ అడగకపోవడం అనుకున్నంత కష్టంగానే ఉంది.

ఒక శుక్రవారం ఉదయం పిన్ని ఇంట్లో మిషను ఆగిపోయింది. నొక్కితే లైటు వెలుగుతోంది, మూలుగుతోంది, తిరగడం లేదు. మూత తీసి వేసింది. దుప్పట్లు తీసి మళ్ళీ వేసింది. బాబాయి చొక్కా జేబులు తడిమి, ఆయన్ని అనుమానంగా చూసింది. ఏమీ దొరకలేదు. ఇక చేసేది లేక, తాడు కట్టిన కుర్చీలో కూర్చుని, ఫోను తీసి, ఇన్నాళ్ళూ కావాలని అటువైపు చూడని ఆ చాట్ తెరిచింది. మా మిషను తిరగడం లేదు అని రాసింది.

"ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అంది చిన్నపిన్ని.

పిన్ని గోడ గడియారం చూసింది. పదకొండు. ఒక్కర్తే కూర్చుని కాసేపు నవ్వుకుంది. లేచి వెళ్ళి టీ పెట్టుకుని, తెచ్చుకుని, కిటికీ పక్కనే కూర్చుని తాగింది. రెండు నెలల్లో ఆవిడకు రుచిగా అనిపించిన టీ అదే. సరిగ్గా పదమూడు నిమిషాలకు ఫోను మోగింది.

"ఆఁ, చెప్పండి, ఏమంటోంది మీ మిషను?"

"మూలుగుతోంది, తిరగడం లేదు."

"మిషను వెనక కుళాయి ఉంది కదండీ, దాని మెడ కింద చిన్న చుక్క ఉంటుంది. అది ఎరుపా, నీలమా చూసి చెబుతారా?"

పిన్నికి ముక్కు మీదికి కోపం వచ్చింది. నాకా చుక్క చూపించేది? ఇరవై రెండేళ్ళు ఊరి కుళాయిలన్నీ తెరిపించిన దాన్ని, నా ఇంట్లో కుళాయి నేను చూసుకోనా? తెరిచే ఉంది అని రాయబోయింది. ఎందుకో వేలు ఆగింది. లేచి లోపలికి వెళ్ళి, మిషను పక్కకు ఒరిగి, గోడ సందులోకి చెయ్యి పెట్టింది. కుళాయి బిగించి కట్టేసి ఉంది. మొన్న వెనక గోడ తుడిచినప్పుడు తన చేత్తో తనే కట్టేసింది.

పిన్ని పిడిని ఎడమ వైపు చివరిదాకా తిప్పింది. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. తలెత్తి చూస్తే గుమ్మంలో బాబాయి, చేతిలో పేపరుతో.

"ఏం చేస్తున్నావక్కడ?"

"చుక్క చూస్తున్నానండీ."

"ఏ రంగు?"

"నీలం."

"నీలమైతే భయం లేదు" అని బాబాయి పేపరు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.